ఆకు చుట్టుకునే వేళ

ఆ రోజు పొద్దున ఆకాశం మబ్బు పట్టి ఉంది. కురిసే మబ్బు కాదు, తేలిపోయే మబ్బూ కాదు. తడిసిన గోనెసంచి ఆరేసినట్టు గోదావరి మీద బరువుగా వేలాడుతోంది. శివరాత్రి వెళ్ళి వారమైనా కాలేదు. ఈ రోజుల్లో మబ్బు పట్టడమే వింత.

ఆ మబ్బుని ఇద్దరు చూశారు. ఒకరు లేడీస్ హాస్టల్ మేడ మీద, నోట్లో బ్రష్షు పెట్టుకుని, కురవకూడదు దేవుడా అనుకుంటూ. ఇంకొకరు బ్రిడ్జి దాటుతున్న బస్సులో కిటికీ పక్కన, ఒళ్ళో కారియర్ పెట్టుకుని, నాలుగు చినుకులు పడితే చేలకి మంచిది కదా అనుకుంటూ.

మేడ మీద అమ్మాయి సత్యకుమారి. బస్సులో మనిషి ఆమె తండ్రి తాతాజీ. ఆయన వస్తున్నట్టు ఆమెకి తెలియదు.

"ఏమే కుమారీ, పైకి చూసి చూసి మెడ పట్టేసేలా ఉంది నీకు," అంటూ సుప్రియ బకెట్టు పట్టుకుని మేడ మీదికొచ్చింది. ఇద్దరిదీ ఒకే గది. సుప్రియది పెద్దాపురం. నోరు మూతపడని పిల్ల. "లోకమంతా వాన రావాలని కప్పలకి పెళ్ళిళ్ళు చేస్తారు. నీ కోసం ఆ కప్పలకి విడాకులిప్పించాలి."

కుమారి నవ్వలేదు. "టిఫిన్ తినేసి బరకాలు తీసుకుని పోదామే. చినుకు పడేలోపు కప్పేయాలి."

"ఇవాళ పూరీ. మెస్సులో నెలకోసారి చేస్తారు. నీ చేను కోసం నా పూరీ వదులుకోమంటావా?"

"తిని రా. నేను ముందెళ్తాను."

"నువ్వెళ్ళి ఒక్కదానివీ బరకం ఎలా లాగుతావు? ఉండు, రెండు పూరీలు చేత్తో పట్టుకొస్తాను."

ఆ క్యాంపస్ రాజమండ్రికి ఏటికి అవతల ఉంది. వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళది. ముందు కాలేజీ, వెనక మగపిల్లల హాస్టళ్ళు, ఈ చివర ఆడపిల్లల హాస్టల్, ఆ చివర ఫారం పొలాలు. రాత్రి ఎనిమిదింటికి హాజరు. ఎస్టీడీ బూత్ దగ్గర ఆదివారం సాయంత్రం లైను. మెస్సు పప్పుకి పిల్లలు పెట్టుకున్న పేరు వరద గోదారి. కుమారికి ఇక్కడ ఎమ్మెస్సీ రెండో ఏడు.

ఎమ్మెస్సీ పిల్లలు ఒక్కొక్కరూ ఒక పరిశోధన చేయాలి. కుమారికి ఫారంలో పన్నెండు చిన్న మళ్ళు ఇచ్చారు. అన్నిట్లోనూ దాళ్వా వరే, అంటే రెండో పంట. ఆరు మళ్ళకి మామూలుగా నీరు పెడుతుంది. మిగతా ఆరింటికి పొట్ట దశలో, కంకి బయటికి రాకముందే, నీరు ఆపేసింది. నీరందకపోతే ఏ వంగడం ఎంతవరకు తట్టుకుంటుందో చూడాలి. తడి మడి నుంచి ఎండ మడికి చెమ్మ పాకకుండా గట్ల మధ్య పాలిథీన్ పట్టా నిలువునా పాతింది. ఇంకో నాలుగు రోజులు ఎండాలి. అప్పుడు మళ్ళీ నీరు పెట్టి, గింజ ఎంత కడుతుందో చూడాలి. ఈ నాలుగు రోజుల్లో ఆ మళ్ళు తడిశాయా, అంతే సంగతి. దాళ్వా ఏడాదికి ఒకసారే వస్తుంది. ఏడాది చదువు పోయినట్టే.

ఈ పరిశోధన ఆమె కోరి తీసుకుంది. కిందటేడు కాలవలో నీళ్ళు లేక, ద్రాక్షారామం అవతల కాలవ చివరనున్న వాళ్ళ శివారు భూమికి వంతు నీరు రాలేదు. పొట్ట మీదున్న చేను ఎండిపోయింది. ఆమె సెలవులకి ఇంటికెళ్ళింది అప్పుడే. తండ్రి మిట్టమధ్యాహ్నం చేలోకి వెళ్ళి గట్టు మీద నిలబడేవాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని పడుకునేవాడు. ఎవరితోనూ ఏమీ అనేవాడు కాదు. ఆమె ఏమీ అడిగేది కాదు. తిరిగొచ్చాక గైడు ఉదయభాస్కర్ గారు ఏ విషయం మీద పని చేస్తావమ్మా అంటే, ఎండ మీద చేస్తానండి అంది.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. వరి మీద పరిశోధన అంది. అంతే. ఎండిన చేను చూసి మాట పడిపోయిన మనిషికి, నేను చేను ఎండబెడుతున్నాను నాన్నా అని ఏ నోటితో చెప్పాలి?

మొన్న శివరాత్రికి ముందు తాతాజీ ఊళ్ళో బూత్ నుంచి ఫోన్ చేశాడు.

"తీర్థానికి రావా అమ్మాయ్? మీ అమ్మ ఎదురు చూస్తంది."

"చేను పొట్ట మీదుంది నాన్నా. వదిలి రాలేను."

"సరే అయితే," అన్నాడు.

ఫోన్ పెట్టేసి టీ కొట్టు దగ్గర ఆగాడు. ఎవరూ అడక్కుండా మాట్లాడే అలవాటు లేని మనిషి, ఆ రోజు తనంతట తనే అన్నాడు, "మా అమ్మాయి చేను పొట్ట మీదుందంట. రాదంట." అక్కడున్నవాళ్ళు ఆయన మొహం చూసి నవ్వుకున్నారు. పెళ్ళి కుదిరినవాడిలా ఉన్నాడట.

ఆ తర్వాత వారం ఆగలేకపోయాడు. "నా కూతురి చేను చూసొస్తాను," అన్నాడు భార్యతో.

"కూతుర్నా, చేనునా?" అంది చిన్నమ్మాయి. ఆమె పేరే చిన్నమ్మాయి. యాభై దాటినా ఊరందరికీ అదే పేరు.

ఆమె అలా అనడానికి కారణం ఉంది. తాతాజీ ఏ ఊరు వెళ్ళినా, ఎవరింటికి వెళ్ళినా, ముందు వాళ్ళ చేలో దిగి తర్వాతే గడప తొక్కుతాడు. వాళ్ళ నాన్నా అంతే, తాతా అంతే. పెళ్ళిచూపులకి వెళ్ళిన రోజు కూడా పిల్లని తర్వాత చూద్దాం అని ముందు మామగారి చేను గట్టున నడిచాడు. "నన్ను కాదు, మా నాన్న వరిని చేసుకున్నారీయన," అని చిన్నమ్మాయి ఇప్పటికీ అంటుంది. తెల్లారకుండా లేచి పనసపొట్టు కొట్టి, ఆవపెట్టి కూర వండి, అన్నం, పెరుగు సర్ది కారియర్ చేతికిచ్చింది.

క్యాంపస్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"ఎవరి కోసమండి?"

"మా అమ్మాయి ఎమ్మెస్సీ చదువుతందండి. సత్యకుమారి."

"లేడీస్ హాస్టల్ అటండి. ముందు గదిలో కూర్చుంటే కబురు పంపుతారు."

"ఎమ్మెస్సీ పిల్లల చేలు ఎటండి?"

వాచ్‌మన్ ఆయన పంచె, కారియర్, మళ్ళీ మొహం చూశాడు. "చేలకే వచ్చారా ఏంటండి?"

"ఆయ్. ముందు చేనండి."

వాచ్‌మన్ నవ్వి చెయ్యి చూపించాడు.

ఫారంలో అప్పటికింకా ఎవరూ దిగలేదు. తాతాజీ చెప్పులు చేతిలో పట్టుకుని బోదె కాలవ గట్టున నడిచాడు. గట్లు ముగ్గేసినట్టు తిన్నగా ఉన్నాయి. ఒక్కో చోట ఒక్కో బోర్డు. ఇంగ్లీషులో ఉన్నాయి. ఆయన చదివింది ఊరి బళ్ళో ఐదో తరగతి వరకు. కానీ కూతురి పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. టెంత్ సర్టిఫికెట్ వచ్చిన రోజున అరుగు మీద కూర్చుని ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకున్నాడు. వంకర తిరిగిన ఎస్సు, ఆ పక్కన గుడిసె లాంటి ఏ, ఆ పక్కన నిలబెట్టిన సుత్తి లాంటి టీ. బోర్డులన్నీ చూసుకుంటూ వెళ్ళి ఆ అక్షరాల దగ్గర ఆగాడు.

ఆగి చాలాసేపు కదల్లేదు.

పేరు కూతురిదే. మళ్ళు చూస్తే సగం కళకళలాడుతున్నాయి. మోకాలెత్తు దాటి, పొట్ట ఉబ్బి, రేపో ఎల్లుండో ఈనేలా ఉన్నాయి. సగం మళ్ళు నెర్రెలు తీసి ఉన్నాయి. నెర్రెలో వేలు పెట్టాడు. వేలంతా దిగింది. ఆకు చివర్లు ఎండుగడ్డి రంగుకి తిరిగాయి. పిలక గిల్లి పొట్ట విప్పి చూశాడు. లోపల కంకి పాలిపోయి, దూదిలా ఉంది. ఇదే కంకి కిందటేడు ఆయన చేతుల్లో ఉంది.

కళ్ళకి అన్నీ కనిపించాయి. నీరున్న మడి, లేని మడి కలగలిసి ఉండడం చూశాడు. గట్టులో పాలిథీన్ అంచు చూశాడు. ఎలకల కోసం పాతుంటారు అనుకున్నాడు. ఎండిన మళ్ళలోకి నీరొచ్చే మడవలన్నీ మట్టి, గోనెగుడ్డ పెట్టి గట్టిగా కట్టేసి ఉండడం చూశాడు. అక్కడ ఆయన మనసు చివుక్కుమంది. ఇది నీళ్ళు చాలక జరిగింది కాదు. బోదె నిండా నీళ్ళున్నాయి. ఎవడో నీరు కట్టేవాడు కావాలని ఆపాడు. ఆడపిల్ల గదా, పొలం దాకా వచ్చి అడుగుద్దా అని వంతు ఎగ్గొట్టాడు. పిచ్చిపిల్ల, చేను వదిలి రాలేనంది. చదువులో పడి చూసుకోలేదో, చూసి ఎవరికీ చెప్పుకోలేక ఊరుకుందో.

తాతాజీ తన జన్మలో ఇంకొకరి మడవ మీద చెయ్యి వేయలేదు. శివారు రైతుకి వంతు విలువ తెలుసు. కానీ ఇది పరాయిది కాదు. బోర్డు మీద కూతురి పేరుంది. ఎవరితోనూ తగువు పడక్కర్లేదు. ఎవరూ చూడకముందే చేనుకి నీరు పెట్టేస్తే రైతు కూతురు చేను ఎండగట్టిందన్న మాట రాదు.

కారియర్ గట్టు మీద పెట్టాడు. పంచె ఎగ్గట్టాడు. పార లేదు. వంగి చేతుల్తోనే మట్టి తీశాడు. గోనెగుడ్డ లాగాడు.

నీరు ముందు ఆగి, తర్వాత నాలుక చాపినట్టు మడిలోకి పాకింది. మొదటి నెర్రె దగ్గరికి వెళ్ళి లోపలికి దిగింది. లోపల్నుంచి బుడబుడమని గాలి వచ్చింది. నెర్రె తర్వాత నెర్రె. ఎండిన నేల నీరు తాగే చప్పుడు తాతాజీకి తల్లి పాలు తాగే పిల్ల గుటకల్లా వినిపిస్తుంది ఎప్పుడూ. గట్టున గొంతుక్కూర్చుని విన్నాడు. కిందటేడు వినాల్సిన చప్పుడు అది.

మొదటి మడి నిండుతుంటే రెండో మడి మడవ కూడా తీశాడు. అందులో నీరు ఇంకా చాపంత మేరే పరుచుకుంది.

అప్పుడే ఒక చినుకు చెవి మీద పడింది. ఆయన నవ్వుకుంటూ పైకి చూశాడు.

"ఓయ్! ఎవరండీ అక్కడ? ఓ పెద్దాయనా! లేవండి! మడవ దగ్గర్నుంచి లేవండంటున్నానా!"

సైకిలు మీద బరకాల చుట్ట, హేండిలుకి ఎర్ర రంగుతో గది నంబరు రాసిన హాస్టల్ బకెట్టు, బకెట్టు నిండా తాళ్ళు. సుప్రియ సైకిలు అక్కడే పడేసి గట్టున పరిగెత్తుకొచ్చింది. "పొద్దున్నే మీకు మా చేనే దొరికిందా? పశువుల్ని కడగడానికి వచ్చారా? ఎవరి మనిషండీ మీరు?"

వెనక వస్తున్న కుమారి ఆగిపోయింది.

"నాన్నా," అంది.

సుప్రియ నోరు మూతపడింది.

తాతాజీ లేచాడు. చేతులకి బురద. మొహమంతా నవ్వు. "నీ చేనుకి నీరు కట్టలేదమ్మా ఎవడో. పెట్టాను. నువ్వేం బెంగ పెట్టుకోకు, పొట్ట మీద అందింది గనక లేచేస్తది."

కుమారి చెప్పులు వదిలేసింది. గట్టు దిగి, రెండో మడి మడవలో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతుల్తో బురద తీసి అడ్డం వేసింది. నీరు వేళ్ళ సందుల్లోంచి వస్తుంటే మెళ్ళో చున్నీ తీసి ఉండ చుట్టి మడవలో కుక్కింది. లేచి మొదటి మడి మడవకి పరిగెత్తింది. అదీ మూసింది. అప్పుడు మాత్రం ఆమె భుజాలు కదలడం తాతాజీ చూశాడు.

ఆయన నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

"ఏంటమ్మా?" అన్నాడు సుప్రియ వైపు తిరిగి.

సుప్రియ గొంతు తగ్గించింది. "అవి కావాలనే ఎండబెట్టినవండి బాబాయ్‌గారూ. అదే దాని చదువు. నీళ్ళు లేకపోయినా ఏ వరి నిలబడుతుందో చూస్తోంది. ఇంకో నాలుగు రోజులు తడి తగలకూడదు. అందుకే వాన పడుతుందని బరకాలు తెచ్చాం."

తాతాజీ పాలిథీన్ అంచు వైపు చూశాడు. గోనెగుడ్డ వైపు చూశాడు. కలగలిసిన మళ్ళ వైపు చూశాడు. ఇందాక చూసినవే. ఇప్పుడు ఒకదాని పక్కన ఒకటి కుదురుగా కూర్చున్నాయి.

"కావాలనా," అన్నాడు.

ఇంకో చినుకు పడింది. ముగ్గురూ ఒకేసారి పైకి చూశారు. తాతాజీ బతుకులో మొదటిసారి మబ్బుకేసి చూసి, వద్దు అనుకున్నాడు.

ముందు బరకాలు పరిచారు. మళ్ళ మూలల్లో పాతిన కర్రలకి తాళ్ళు కట్టి, ఒక చివర సుప్రియ, ఒక చివర కుమారి, బరువైన చివర తాతాజీ. తర్వాత మొదటి మడి సంగతి చూశారు. అందులో జానెడు నీళ్ళు నిలిచాయి. అలాగే ఉంటే పట్టా కిందనుంచైనా పక్క మడిలోకి ఊరుతుంది. ఎత్తిపోయాలి.

"నేను సార్‌కి చెప్పి, వీరబ్రహ్మం గారిని పిలుచుకొస్తాను," అని సుప్రియ సైకిలెక్కింది. వీరబ్రహ్మం ఫారంలో నీరు కట్టే మనిషి.

తాతాజీ బకెట్టు అందుకున్నాడు. బరకం తాళ్ళు రెండు మిగిలాయి. ఒకటి బకెట్టు మూతికి, ఒకటి అడుగుకి, రెండు వైపులా కొసలు వచ్చేలా కట్టాడు. కుమారి చూసి, మడవకి అటువైపు వెళ్ళి నిలబడింది. చిన్నప్పుడు ఆమె తండ్రికెదురుగా నిలబడి గూడ వేసింది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, తాళ్ళు పట్టుకుని, గూడని ఊపి నీళ్ళు తోడి పైకి విసరాలి. ఒకరు ముందు లాగినా, ఒకరు వెనక వదిలినా గూడ తిరగబడుతుంది. ఎదుటి మనిషి ఊపిరి ఎప్పుడు తీస్తున్నాడో తెలిస్తేనే అది సాగుతుంది.

మొదటి రెండు సార్లూ బకెట్టు తిరగబడింది. మూడోసారి కుదిరింది. ముంచడం, ఊపడం, బోదెలోకి విసరడం. ముంచడం, ఊపడం, విసరడం. చేలోకి తోడే నీళ్ళు చేలోంచి బయటికి పోస్తున్నారు. ఆయన చేతులు ఎన్నడూ ఎరగని పని అది.

"అమ్మాయ్."

"ఊఁ."

"చెప్పుండాల్సింది."

బకెట్టు మూడుసార్లు వెళ్ళొచ్చింది.

"ఎలా చెప్పను నాన్నా. కిందటేడు నువ్వు గట్టు మీద నిలబడ్డం చూశాను."

తాతాజీ తాడు జారకుండా చేతికి ఇంకో మెలిక వేసుకున్నాడు.

ఉదయభాస్కర్ గారు స్కూటర్ మీద వచ్చారు. వెనక వీరబ్రహ్మం. అప్పటికి మడిలో బురదే మిగిలింది. ఉదయభాస్కర్ గారు కోపిష్టి మనిషి కాదు కానీ మాటకి మొహమాటం లేని మనిషి. మళ్ళన్నీ ఒక చుట్టు తిరిగి వచ్చి వీరబ్రహ్మం వైపు చూశారు.

"మడవలు ఎవరు తీశారు?"

"నాకు తెలీదండి. నేనింకా ఇటు రానే లేదండి."

"మీకు తెలియకుండా మడవలు ఎలా తెరుచుకుంటాయి?"

తాతాజీ ముందుకొచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పంచెకి తుడుచుకున్నాడు.

"నేనండి. ఆయనకేం తెలీదండి."

"మీరెవరండి?"

"నీరు పెట్టినవాణ్ణండి," అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. ఆయన చూపు బోర్డు మీదికి గాని, కూతురి మీదికి గాని పోలేదు. ఎవరో దారిన పోయే రైతు తెలియక చేశాడంటే పిల్లకి మాట రాదు.

"మా నాన్నగారండి," అంది కుమారి. వచ్చి ఆయన పక్కన నిలబడింది. బురద చేతుల్తో ఆయన మోచెయ్యి పట్టుకుంది.

ఉదయభాస్కర్ గారు ఇద్దర్నీ చూశారు. కాళ్ళు, చేతులు, మొహాలు ఒకే బురద. తాళ్ళు కట్టిన హాస్టల్ బకెట్టు చూశారు. "గూడ వేశారా?" అన్నారు.

"చూడమ్మా. మొదటి మడి పోయింది. దాన్ని వదిలెయ్. ఒక్కటి పోతే లెక్కలో సర్దుకోవచ్చు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాసేద్దాం. రెండోదీ పోతే మాత్రం ఈ దాళ్వా పోయినట్టే. మళ్ళీ వచ్చే ఏడే." ఆయన రెండో మడి గట్టున వంగి చూశారు. "మూలే తడిసింది పైకి. నెర్రెల్లోంచి లోపల ఎంత దూరం పోయిందో మనకి తెలియదు. మొక్కకే తెలియాలి. ఎండెక్కాక చూద్దాం. వేరుకి నీరందుంటే ఆకు విప్పుకునే ఉంటుంది. అందకపోతే మధ్యాహ్నానికి చుట్టుకుంటుంది. చుట్టుకుందా, మడి దక్కినట్టే."

"మబ్బు ఉందండి," అంది కుమారి.

"ఉంది," అని ఆయన స్కూటర్ ఎక్కారు. "నేను క్లాసు అయ్యాక వస్తాను."

మబ్బు ఉంటే ఆకు చుట్టుకోదు. ఎండ రావాలి. అదీ మిట్టమధ్యాహ్నపు ఎండ.

వాళ్ళు ఫారం షెడ్డు అరుగు మీద కూర్చున్నారు. సుప్రియ మెస్సు నుంచి ఒక స్టీలు గ్లాసు మీద ఇంకో గ్లాసు బోర్లించి టీ పట్టుకొచ్చింది. "నన్ను క్షమించండి బాబాయ్‌గారూ. పశువుల్ని కడగడానికొచ్చారా అనేశాను."

"ఆ మాట మా ఆవిడతో అనమ్మా. సంతోషిస్తది," అన్నాడు తాతాజీ.

సుప్రియ నవ్వింది. కుమారి మొహంలో కూడా ఏదో కదిలి, ఆగిపోయింది.

మబ్బు నెమ్మదిగా సముద్రం దిక్కున ఉప్పాడ వైపు జరిగింది. పదకొండయ్యేసరికి దాని అంచు చిరిగి, ఎండ ముందు అవతల కాలేజీ గడియారం మీద పడింది. తర్వాత మగపిల్లల హాస్టల్ మీద ఆరేసిన లుంగీల మీద. తర్వాత ఫారం మీద. వీరబ్రహ్మం వచ్చి బరకాలు తీయడానికి సాయం పట్టాడు. తాతాజీ ఆయనతో, "పొద్దున మిమ్మల్ని అనుమానించానండి, నీరు ఎగ్గొట్టారని," అన్నాడు. వీరబ్రహ్మం, "మీరొక్కరేనా? ఈ అమ్మాయి చేను చూసి నన్ను అడిగిపోయినవాళ్ళు చాలామందండి," అని బీడీ తీసి ఇచ్చాడు.

నడినెత్తికి ఎండ వచ్చింది. కుమారి రెండో మడి గట్టున కూర్చుంది. తాతాజీ ఆమె పక్కన కూర్చున్నాడు. పక్కన తడిసిన మొదటి మడిలో ఆకులు పొద్దుటికీ ఇప్పటికీ తేడా తెలిసేలా విప్పుకుని, గాలికి ఊగుతున్నాయి. ఎవరికీ పనికిరాని మడి, అదొక్కటే హాయిగా ఉంది. ఇటు రెండో మడి ఆకులు కూడా విప్పుకునే ఉన్నాయి.

ఎంతసేపైనా విప్పుకునే ఉన్నాయి.

కుమారి గడ్డిపరక తుంపి ముక్కలు చేస్తోంది. తాతాజీ ఆకులకేసి చూశాడు. ఆయన ముప్పై ఏళ్ళుగా మధ్యాహ్నం చేలోకి వెళ్ళి ఒకే భయంతో ఆకు చూస్తాడు, చుట్టుకుందేమో అని. ఇప్పుడు చుట్టుకోవాలి. ఆ మాట మనసులో అనుకోవడానికి కూడా ఆయనకి కష్టంగా ఉంది. పసివాణ్ణి ఏడవమన్నట్టుంది. అయినా అనుకున్నాడు. చుట్టుకో తల్లీ, అనుకున్నాడు.

ముందు గట్టు వారనున్న దుబ్బులో ఒక ఆకు అంచులు కొద్దిగా లేచాయి. దోసిలి పట్టినట్టు. కుమారి చూడలేదు. ఆయన చూశాడు, చెప్పలేదు. ఒక్క ఆకుతో ఏమీ చెప్పలేం. పక్క ఆకు. ఆ పక్క దుబ్బు. కాసేపటికి అంచు అంచుని తాకి ఆకు గొట్టంలా అయింది, తర్వాత సూదిలా. మడి మధ్యలో చేను మొత్తం సన్నబడి, మొక్కల మధ్య నేల కనిపించింది. తడిసిన మూల దగ్గర నాలుగైదు దుబ్బులు మాత్రం విప్పుకుని నిలబడ్డాయి.

"అమ్మాయ్," అన్నాడు. "చుట్టుకుందమ్మా."

కుమారి లేచి గట్టంతా తిరిగి చూసింది. వంగి, మధ్య దుబ్బుల ఆకులు వేళ్ళ మధ్య పెట్టి చూసింది. మిగతా ఎండ మళ్ళ దగ్గరికి వెళ్ళి చూసింది. మళ్ళీ ఇక్కడికొచ్చి చూసింది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. అప్పుడు మొహం చేతుల్లో దాచుకుని గట్టు మీద కూర్చుండిపోయింది. తాతాజీ ఆమె తల మీద చెయ్యి వేయబోయి, బురద చూసుకుని, మణికట్టు ఆనించాడు.

ఉదయభాస్కర్ గారు వచ్చి, చూసి, తల ఊపారు. "ఆ మూల దుబ్బులు లెక్కలోంచి తీసెయ్యమ్మా. మిగతాది ఉంటుంది." వెళ్ళబోతూ ఆగి తాతాజీతో అన్నారు, "ఆ మొదటి మడి మాకిక పనికిరాదండి. అది మీదే."

ఆయన వెళ్ళాక తాతాజీ చుట్టుకున్న ఆకుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఇంకో నాలుగు రోజులు తప్పదా?"

"తప్పదు నాన్నా."

"బతుకుద్దా?"

"కొన్ని బతుకుతాయి. ఏవి బతుకుతాయో తెలిస్తే, వచ్చే ఏడు మన చేలో అవి వేసుకోవచ్చు."

ఆయన ఊఁ అన్నాడు.

"నాలుగో రోజు పొద్దున్నే నీరు పెట్టాలి," అంది కుమారి. "నువ్వు వస్తే, మడవలు నువ్వే తీద్దువు గాని."

తాతాజీ భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

సుప్రియ మెస్సు నుంచి మూడు కంచాలు తెచ్చింది. షెడ్డు నీడలో కారియర్ విప్పారు. ఆయన చెయ్యి కడిగిన నీళ్ళు ఏ మొక్క మొదట్లోనో పోస్తాడు, ఎక్కడున్నా. ఇక్కడ చెంబు పట్టుకుని మళ్ళకి దూరంగా బోదె చివరిదాకా నడిచి వెళ్ళి కడుక్కొచ్చాడు. కుమారి అది చూసింది. చూసి, అన్నం ముందు ఆయన కంచంలో వడ్డించింది. పనసపొట్టు కూర పెట్టింది. ఆవ ఘాటు గాల్లోకి లేచింది. సుప్రియ ఏదో అనబోయి, ఇద్దర్నీ చూసి, ముద్ద కలుపుకుంది. కుమారి తన కంచం తీసుకుని, తండ్రి మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఎదురుగా ఎండలో ఆరు మళ్ళు పచ్చగా, ఐదు మళ్ళు సూదుల్లా, ఒక మడి ఎవరి లెక్కలోనూ లేకుండా. ముగ్గురూ వాటికేసి చూస్తూ తిన్నారు.